సీసపు జల్లెడ

చీకటి గదిలో ఒక దీపం వెలిగించి, ఎదురుగా ఉన్న గోడను చూడండి. గోడంతా వెలుగు పడుతుంది. కాని గోడమీద దీపం బొమ్మ మాత్రం కనిపించదు. ఎందుకు? దీపజ్వాలలోని ప్రతి బిందువు నుండీ కాంతి అన్ని వైపులకూ పోతుంది. కాబట్టి గోడమీద ప్రతి చోటికీ జ్వాలలోని అన్ని బిందువుల వెలుగూ చేరుతుంది. అన్నీ కలిసిపోతాయి. ఏ వెలుగు ఎక్కడనుండి వచ్చిందో చెప్పడానికి వీలుండదు.

ఇప్పుడు ఒక దళసరి అట్టకు మేకుతో సన్నని రంధ్రం చేసి, దీపానికీ గోడకూ మధ్య నిలపండి. గోడమీద చిన్న జ్వాల బొమ్మ తలకిందులుగా కనిపిస్తుంది. అట్ట చాలా వెలుగును ఆపివేసింది. మిగిలిన కొద్ది వెలుగే బొమ్మను ఇచ్చింది.

తెలుగు పల్లెల్లోని తాటాకు ఇళ్ళలో ఇది చాలామంది చూసినదే. కప్పులోని చిన్న చిన్న సందులగుండా ఎండ దూరి, నేలమీద గుండ్రని మచ్చలుగా పడుతుంది. సందు ఏ ఆకారంలో ఉన్నా మచ్చ గుండ్రంగానే ఉంటుంది. ఆ మచ్చలు సూర్యుని బొమ్మలు! సూర్యగ్రహణం పట్టినప్పుడు అవి నెలవంకలుగా మారుతాయి.

“చాలా వెలుగును వదులుకొంటేనే బొమ్మ వస్తుంది.” ఈ మాటను గుర్తు పెట్టుకోండి. వైద్యులు మనిషి మెదడు పనిచేసే తీరును చిత్రించడానికి వాడే ఒక పరికరం ఈ సూత్రం మీదనే ఆధారపడి ఉంది. దానిలోని ముఖ్యభాగం పేరు కాలిమేటర్. దాన్ని మనం సీసపు జల్లెడ అని పిలుచుకోవచ్చు.

1. లోపలినుండి వచ్చే కిరణాలు

ఎక్స్‌రే తీసేటప్పుడు కిరణాలు బయటి యంత్రం నుండి వచ్చి, శరీరంగుండా పోయి, అవతల ఉన్న పలకమీద పడతాయి. ఎముకల నీడలు అక్కడ కనిపిస్తాయి. ఎముక విరిగిందో లేదో అలా తెలుస్తుంది. కాని మెదడులో ఏ భాగం చురుకుగా పనిచేస్తున్నది, ఏ భాగానికి రక్తం తక్కువగా అందుతున్నది అనే సంగతులు ఆ నీడలో తెలియవు.

దీనికి వేరొక మార్గం ఉంది. గామా కిరణాలను వెలువరించే పదార్థాన్ని అతి కొద్దిగా ఒక మందుతో కలిపి రక్తనాళంలోకి ఎక్కిస్తారు. మందు శరీరంలో ఎక్కడికి చేరుతుందో అక్కడినుండి గామా కిరణాలు బయటికి వస్తాయి. బయట ఉన్న పరికరం వాటిని పట్టుకొంటుంది. అంటే ఇక్కడ దీపం శరీరం లోపలే ఉందన్నమాట.

1896లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు హెన్రీ బెకెరల్ రేడియోధార్మికతను కనుగొన్నారు. తరవాత హంగరీలో పుట్టిన జార్జి డి హెవిసీ రేడియోధార్మిక పదార్థాన్ని గుర్తుగా వాడి, ప్రాణుల శరీరాల్లో పదార్థాలు ఎక్కడికి పోతాయో తెలుసుకొనే పద్ధతిని చూపారు. ఆయనకు 1943వ సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

నేడు ఆసుపత్రులలో ఎక్కువగా వాడే గుర్తు పదార్థం టెక్నీషియం-99ఎం. టెక్నీషియం మూలకాన్ని 1937లో ఇటలీలోని పలెర్మోలో కార్లో పెరియే, ఎమీలియో సెగ్రే కనుగొన్నారు. మనిషి కృత్రిమంగా తయారుచేసిన మొదటి మూలకం ఇదే. దీనిలో 99ఎం అనే రకాన్ని 1938లో అమెరికాలోని బర్క్‌లీలో సెగ్రే, గ్లెన్ సీబోర్గ్ గుర్తించారు. 6 గంటలు గడిచేసరికి దీని బలం సగమవుతుంది. 12 గంటలకు నాలుగోవంతు, 24 గంటలకు పదహారోవంతు మిగులుతుంది. ఈ విధంగా త్వరగా తగ్గిపోవడం రోగికి మంచిది.

ఇంత త్వరగా తరిగిపోయే పదార్థాన్ని ఆసుపత్రికి ఎలా చేరుస్తారు? అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలవారు 1950ల చివర ఒక ఉపాయం కనిపెట్టారు. మాలిబ్డినం-99 అనే పదార్థం నెమ్మదిగా, 66 గంటలకు సగం చొప్పున, మారుతూ టెక్నీషియాన్ని పుట్టిస్తుంది. మాలిబ్డినాన్ని ఒక గొట్టంలో నింపి ఆసుపత్రికి పంపుతారు. రోజూ దానిగుండా ఉప్పునీరు పోస్తే, పుట్టిన టెక్నీషియం మాత్రం నీటితో బయటికి వస్తుంది. ఈ పరికరానికి పనివారు సరదాగా పెట్టుకొన్న పేరు ‘ఆవు’. టెక్నీషియం తీయడాన్ని ‘పాలు పితకడం’ అంటారు!

2. కటకం లేని కెమెరా

మామూలు కెమెరాలో గాజు కటకం ఉంటుంది. అది కాంతికిరణాలను వంచి ఒకచోట చేరుస్తుంది. అందుచేత చాలా వెలుగు లోపలికి వచ్చినా బొమ్మ చెదరదు. గామా కిరణాలను ఈ విధంగా గాజు కటకంతో వంచడం సాధ్యం కాదు. అవి గాజులోగుండా నేరుగా దూసుకొని పోతాయి.

ఈ చిక్కును ఎదుర్కొన్నవారిలో ముఖ్యుడు హాల్ ఆంగర్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు. ఆయన బర్క్‌లీలో పనిచేస్తూ గామా కెమెరాను నిర్మించి, 1958లో దాని వివరాలు ప్రకటించారు. ఆ కెమెరాలో సోడియం అయొడైడ్ స్ఫటికం ఉంది. దాని వెడల్పు సుమారు 10 సెంటీమీటర్లు మాత్రమే. గామా కిరణం స్ఫటికానికి తగలగానే అక్కడ చిన్న మెరుపు పుడుతుంది. వెనుక అమర్చిన 7 గొట్టాలు ఆ మెరుపును విద్యుత్తుగా మారుస్తాయి. ఏ గొట్టానికి ఎక్కువ వెలుగు అందింది, ఏ గొట్టానికి తక్కువ అందింది అని పోల్చి, మెరుపు పుట్టిన చోటును నిర్ణయిస్తారు.

మెరుపు ఎక్కడ పుట్టిందో తెలిసింది. కాని ఆ కిరణం శరీరంలో ఎక్కడనుండి బయలుదేరింది? అది స్ఫటికానికి తెలియదు. గోడకు దీపం బొమ్మ తెలియనట్లే. అందుచేత ఆంగర్ మొదట తన కెమెరా ముందు సన్నని రంధ్రం గల సీసపు మూతను అమర్చారు. మన అట్టముక్క చేసిన పనినే అది చేసింది.

3. జల్లెడ పని

తరవాతి కెమెరాలలో స్ఫటికాలు పెద్దవయ్యాయి. వాటి ముందు ఒకే రంధ్రానికి బదులు వేలకొలది రంధ్రాలున్న సీసపు పలకను అమర్చారు. ఇదే సమాంతర రంధ్రాల కాలిమేటర్. దీన్ని దగ్గరగా చూస్తే తేనెపట్టు గుర్తుకు వస్తుంది. రంధ్రాలు తేనెపట్టు గదులలాగా ఆరు మూలలతో, ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. ఒక్కొక్క రంధ్రం వెడల్పు సుమారు 1 నుండి 2 మిల్లీమీటర్లు. పలక మందం, అంటే రంధ్రం పొడవు, 2 నుండి 4 సెంటీమీటర్ల వరకు ఉంటుంది. రంధ్రాల మధ్య గోడలు మిల్లీమీటరులో ఐదోవంతు మందం కూడా లేకపోవచ్చు.

అమ్మ పిండిని జల్లెడ పట్టేటప్పుడు ఏమవుతుంది? సన్నని పిండి కిందికి దిగుతుంది, నూక పైన మిగులుతుంది. అక్కడ జల్లెడ పరిమాణాన్ని చూస్తుంది. మన సీసపు జల్లెడ పరిమాణాన్ని చూడదు, దిక్కును చూస్తుంది. రంధ్రానికి నేరుగా వచ్చిన కిరణాన్ని పోనిస్తుంది. ఏటవాలుగా వచ్చిన కిరణం గోడకు తగిలి సీసంలో ఆగిపోతుంది. టెక్నీషియం కిరణాలలో సగాన్ని ఆపడానికి మిల్లీమీటరులో మూడోవంతు సీసమైనా అక్కరలేదు. ఏటవాలు కిరణం ఒకదాని వెనుక ఒకటిగా ఎన్నో గోడలను దాటవలసి ఉంటుంది. కాబట్టి సన్నని గోడలే చాలు.

దీనికి చెల్లించే మూల్యం పెద్దది. మెదడునుండి బయలుదేరిన ప్రతి 10,000 కిరణాలలో సుమారుగా ఒక్కటే ఈ జల్లెడను దాటి స్ఫటికాన్ని చేరుతుంది. మిగిలినవన్నీ వృథా. ఆ ఒక్క కిరణం మాత్రం తాను ఏ దిక్కునుండి వచ్చిందో చెప్పగలదు.

4. రెండు కోరికలు

వైద్యునికి రెండు కోరికలు ఉంటాయి. ఒకటి, చిత్రం స్పష్టంగా ఉండాలి. రెండు, కిరణాలు ఎక్కువగా అందాలి. ఈ రెండు కోరికలకూ పొత్తు కుదరదు.

మొదట స్పష్టత సంగతి చూద్దాం. శరీరంలోని ఒక చుక్క చిత్రంలో ఎంత వెడల్పు మచ్చగా కనిపిస్తుందో తెలుసుకోవడానికి సులభమైన లెక్క ఉంది. రంధ్రం వెడల్పును దాని పొడవుతో భాగించండి. ఆ వచ్చినదాన్ని, రంధ్రం పొడవూ, రంధ్రం నుండి చుక్కకు ఉన్న దూరమూ కలిపిన మొత్తంతో గుణించండి.

రంధ్రం వెడల్పు 1.5 మిల్లీమీటర్లు, పొడవు 25 మిల్లీమీటర్లు అనుకొందాం. చుక్క 100 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. మొత్తం 125. లెక్క వేస్తే మచ్చ వెడల్పు 7.5 మిల్లీమీటర్లు. చుక్క 150 మిల్లీమీటర్ల దూరానికి జరిగితే మచ్చ 10.5 మిల్లీమీటర్లు అవుతుంది. దూరం పెరిగినకొద్దీ మసక పెరుగుతుందని దీనివల్ల తెలుస్తున్నది.

రంధ్రాన్ని 40 మిల్లీమీటర్ల పొడవు చేద్దాం. అప్పుడు 100 మిల్లీమీటర్ల దూరంలోని చుక్క 5.25 మిల్లీమీటర్ల మచ్చ అవుతుంది. చిత్రం బాగుపడింది! కాని పొడవైన, ఇరుకైన దారిలో కిరణాలు దూరడం కష్టం. వెడల్పు మార్చకుండా పొడవు పెంచితే, లోపలికి వచ్చే కిరణాలు పొడవు వర్గాన్ని అనుసరించి తగ్గుతాయి. 25ను 40తో భాగించి వర్గం చేస్తే 0.39. అంటే ఇదివరకు 100 కిరణాలు వచ్చిన చోట ఇప్పుడు 39 మాత్రమే వస్తాయి.

కిరణాలు తగ్గితే నష్టమేమిటి? వాన మొదలయ్యేటప్పుడు వాకిట్లో నిలబడి చూడండి. మొదటి క్షణాల్లో ఒక బండమీద నాలుగు చినుకులు, పక్క బండమీద ఒక్కటే చినుకు పడతాయి. వాన ఒక బండమీద ఎక్కువ కురుస్తున్నదని దాని అర్థం కాదు. కొంతసేపు గడిస్తే అన్ని బండలూ ఒకేలాగా తడుస్తాయి. గామా కిరణాలు కూడా చినుకులవంటివే. ఒక చోట 100 కిరణాలను లెక్కపెడితే, ఆ లెక్కలో సుమారు 10 అటూ ఇటూ కావచ్చు. అంటే నూటికి 10. ఒక చోట 10,000 లెక్కపెడితే సుమారు 100 అటూ ఇటూ అవుతుంది. అది నూటికి 1 మాత్రమే. కిరణాలు తక్కువైతే చిత్రం ఇసుక చల్లినట్లు గరుకుగా కనిపిస్తుంది. అందులో రోగపు మచ్చ ఏదో, ఉత్త తేడా ఏదో చెప్పడం కష్టం.

అయితే మందును ఎక్కువగా ఎక్కించవచ్చు కదా అని మీరు అడగవచ్చు. ఎక్కువ రేడియోధార్మికత రోగికి మంచిది కాదు. ఎక్కువసేపు చిత్రం తీయవచ్చు కదా అంటే, రోగి కదలకుండా పడుకోవాలి. ఇప్పటికే ఇటువంటి స్కాన్‌కు సుమారు అరగంట పడుతుంది. చిన్నపిల్లలు అంతసేపు కదలకుండా ఉండగలరా? తల కదిలితే స్పష్టత అంతా పోతుంది. కాబట్టి మందు పెంచకుండా, సమయం పెంచకుండా మంచి చిత్రం కావాలంటే జల్లెడనే బాగుచేయాలి.

5. భుజాలు తెచ్చిన చిక్కు

మెదడు చిత్రం తీసేటప్పుడు కెమెరా తల చుట్టూ తిరుగుతూ అనేక కోణాలలో చిత్రాలు తీస్తుంది. కంప్యూటర్ వాటిని కలిపి, మెదడును పొరలు పొరలుగా కోసి చూపినట్లు చిత్రాలను తయారుచేస్తుంది. ఈ పద్ధతిని స్పెక్ట్ అంటారు.

ఇక్కడ రెండు ఇబ్బందులు ఉన్నాయి. మొదటిది, భుజాలు. కెమెరా పెద్దది, తల చిన్నది. తలకు దగ్గరగా తిరగబోతే కెమెరా భుజాలకు తగులుతుంది. తగలకుండా ఉండాలంటే దూరంగా జరగాలి. దూరం పెరిగితే మసక పెరుగుతుందని పైన లెక్కవేసి చూశాం.

మెదడు పై పొర మందం 2 నుండి 4 మిల్లీమీటర్లు మాత్రమే. అది మడతలు మడతలుగా ఉంటుంది. ఒక చుక్క 10 మిల్లీమీటర్ల మచ్చగా పరచుకొంటే పక్కపక్కన ఉన్న మడతలు కలిసిపోతాయి. మెదడు విషయంలో ప్రతి మిల్లీమీటరూ విలువైనదే.

రెండవది, వృథా. కెమెరా స్ఫటికం సుమారు 50 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. తల వెడల్పు సుమారు 18 సెంటీమీటర్లు అనుకొందాం. సమాంతర రంధ్రాలు తలను ఉన్నంత పరిమాణంలోనే చూపుతాయి. కాబట్టి 50లో 18 సెంటీమీటర్లు మాత్రమే పనిచేస్తాయి. మిగిలిన స్ఫటికం ఊరకే ఉంటుంది.

భుజాల చిక్కుకు కొందరు రంధ్రాలను ఏటవాలుగా చేసి విరుగుడు చూపారు. అప్పుడు కెమెరాను కొద్దిగా వంచి, భుజాన్ని తప్పించి, తలకు దగ్గరగా తేవచ్చు. రెండవ చిక్కుకు మందు మన ఇళ్ళలోనే ఉన్న ఒక వస్తువు ఆకారంలో దొరికింది.

6. విసనకర్ర ఆకారం

తాటాకు విసనకర్రను చూశారా? పిడి దగ్గర ఈనెలన్నీ ఒకచోట కలుస్తాయి. పైకి పోయినకొద్దీ ఒకదానికొకటి దూరమవుతాయి. కాలిమేటర్ రంధ్రాలను కూడా ఇలాగే అమర్చవచ్చు. విసనకర్ర అంచు స్ఫటికం అనుకోండి. పిడి తలకు అవతలి వైపున ఉంటుంది. మధ్యలో తల ఉంటుంది. అన్ని రంధ్రాలూ కొద్దికొద్దిగా వంగి, తలకు అవతల ఉన్న ఒక గీతవైపు చూస్తాయి.

దీనివల్ల తల చిత్రం స్ఫటికం మీద పెద్దదై పడుతుంది. ఆ గీత స్ఫటికానికి 50 సెంటీమీటర్ల దూరంలోను, తల మధ్యభాగం 15 సెంటీమీటర్ల దూరంలోను ఉన్నాయనుకొందాం. 50ని, 50లో 15 పోగా మిగిలిన 35తో భాగిస్తే 1.43. అంటే 18 సెంటీమీటర్ల తల సుమారు 26 సెంటీమీటర్ల చిత్రం అవుతుంది. ఊరకే ఉన్న స్ఫటికంలో కొంత భాగం పనిలోకి వచ్చింది. మెదడులోని ఒక్కొక్క చుక్కను ఇదివరకటికంటే ఎక్కువ రంధ్రాలు చూస్తున్నాయి. స్పష్టత తగ్గకుండానే సుమారు ఒకటిన్నర రెట్లు కిరణాలు అందుతాయి.

రొనాల్డ్ జాష్‌చక్, ఆయన సహచరులు ఇటువంటి విసనకర్ర ఆకారపు కాలిమేటర్‌తో స్పెక్ట్ చిత్రాలు తీసే పద్ధతిని 1979లో వివరించారు. తరవాత మెదడు స్కాన్‌లకు ఇది బాగా వాడుకలోకి వచ్చింది.

దీనికీ హద్దులు ఉన్నాయి. తల అంతా విసనకర్ర లోపలే ఇమడాలి. ఒక పక్క బయటికి పోతే అక్కడి సమాచారం కొన్ని కోణాలలో అందదు, చిత్రం చెడుతుంది. రంధ్రాలు తలకు అడ్డంగా మాత్రమే వంగుతాయి, నిలువుగా సమాంతరంగానే ఉంటాయి. అందుచేత మెదడులోని ఏ పొరకు ఆ పొర విడిగా లెక్కకు దొరుకుతుంది. నిలువుగా కూడా వంచి, గరాటు ఆకారంలో చేస్తే ఇంకా ఎక్కువ కిరణాలు వస్తాయి. కాని కెమెరా తల చుట్టూ ఉత్త గుండ్రంగా తిరిగితే, ఆ ఆకారానికి కావలసిన సమాచారమంతా చేరదు. కంప్యూటర్ లెక్క కష్టమవుతుంది.

7. ఏది మేలు?

రెండు జల్లెడలు ఉన్నాయనుకోండి. ఒకటి ఎక్కువ కిరణాలను ఇస్తుంది, కాని చిత్రం మసకగా ఉంటుంది. రెండవది తక్కువ కిరణాలను ఇస్తుంది, కాని చిత్రం పదునుగా ఉంటుంది. మెదడుకు ఏది మేలు?

కిరణాలు ఎక్కువ ఉన్నదే మేలని చాలామందికి తోస్తుంది. 1986లో అమెరికాలో కొందరు పరిశోధకులు ఈ రెంటినీ పోల్చిచూసి, మెదడు స్పెక్ట్ విషయంలో పదునైన కాలిమేటరే మేలని ప్రకటించారు. కిరణాలు కొంత తగ్గినా సరే, స్పష్టతవల్ల వచ్చే లాభం ఎక్కువని వారి నిర్ణయం.

దీనికి కారణం ఆలోచించండి. చిత్రం గరుకుగా ఉంటే కంప్యూటర్ సహాయంతో దాన్ని కొంత నునుపు చేయవచ్చు. కాని పక్కపక్క చుక్కలు జల్లెడ దగ్గరనే కలిసిపోతే వాటిని మళ్ళీ విడదీయడం కష్టం. పాలలో కలిసిన నీటిని విడదీసే హంస కథల్లోనే ఉంది. ఇప్పుడు రంధ్రాల కొలతలను కంప్యూటర్‌కు ముందే తెలియజేసి, మసకను కొంతవరకు తగ్గిస్తున్నారు. అది కొంతవరకే. మొదట వచ్చిన సమాచారం బాగుంటేనే చివరి చిత్రం బాగుంటుంది.

చిత్రం నిజంగా బాగుపడిందో లేదో ఎలా తెలుస్తుంది? దానికి మెదడు ఆకారంలో ఒక ప్లాస్టిక్ నమూనాను వాడతారు. దానిలో టెక్నీషియం కలిపిన నీటిని నింపి చిత్రం తీస్తారు. నమూనాలో ఏది ఎక్కడ ఉందో ముందే తెలుసు. చిత్రంలో అది అక్కడే కనిపించిందా అని సరిచూస్తారు. రోగిమీద వాడకముందే జల్లెడకు ఈ పరీక్ష జరుగుతుంది.

8. ఒక మిల్లీమీటరు విలువ

ఇంత శ్రమ ఎవరికోసం? మూర్ఛవ్యాధి ఉన్న ఒక బాలికను ఊహించుకోండి. మెదడులో ఒకచోట విద్యుత్తు అదుపు తప్పినప్పుడు మూర్ఛ వస్తుంది. మూర్ఛవ్యాధి ఉన్నవారిలో చాలామందికి మందులతోనే తగ్గుతుంది. సుమారు మూడోవంతు మందికి మాత్రం మందులు చాలవు. వారిలో కొందరికి, మూర్ఛ మొదలయ్యే చిన్న భాగాన్ని శస్త్రచికిత్స చేసి తీసివేస్తే మేలు కలుగుతుంది. కాని ఆ భాగం ఎక్కడ ఉంది?

మూర్ఛ వచ్చినప్పుడు, అది మొదలైన చోటికి రక్తం ఎక్కువగా పారుతుంది. మూర్ఛ లేనప్పుడు అదే చోట రక్తం తక్కువగా ఉండవచ్చు. టెక్నీషియం కలిపిన ఒక మందు రక్తంతోపాటు మెదడును చేరి, ఒకటి రెండు నిమిషాలలో అక్కడే నిలిచిపోతుంది. ఆసుపత్రిలో నర్సు మందు సిద్ధంగా ఉంచుకొని, మూర్ఛ మొదలైన కొద్ది సెకండ్లలోనే ఎక్కిస్తుంది. ముందు మూర్ఛకు తగిన వైద్యం చేస్తారు. బాలిక కుదుటపడిన తరవాత, నెమ్మదిగా స్కాన్ తీస్తారు. మందు కదలకుండా ఉండిపోయింది కనుక, చిత్రంలో కనిపించేది మూర్ఛ వచ్చిన ఆ క్షణం నాటి మెదడే!

మూర్ఛ లేనప్పుడు మరొక స్కాన్ తీస్తారు. కంప్యూటర్ మొదటిదానిలోనుండి రెండవదాన్ని తీసివేసి, మిగిలిన తేడాను ఎమ్మారై చిత్రం మీద చూపుతుంది. ఈ పద్ధతివల్ల కలిగిన ఫలితాలను అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 1998లో ప్రచురించారు. వైద్యులు ఈ ఒక్క చిత్రాన్నే నమ్మి శస్త్రచికిత్స చేయరు. ఇతర పరీక్షలతో కలిపి ఆలోచిస్తారు.

మాటకు, జ్ఞాపకానికి, చేతి కదలికకు సంబంధించిన భాగాలు మెదడులో పక్కపక్కనే ఉంటాయి. మచ్చ ఒక మడతలో ఉందా, పక్క మడతలో ఉందా అన్నది ఆ బాలికకు చాలా పెద్ద విషయం. ఎక్కడో ఒక ఇంజనీరు సీసపు రంధ్రాన్ని ఎంత పొడవు చేయాలా అని లెక్కలు వేశాడు. ఆ లెక్క ఇక్కడ పనికివస్తుంది.

9. నేటి ప్రయత్నాలు

ప్రతి మందుకూ ఒకే జల్లెడ సరిపోదు. పార్కిన్సన్ వ్యాధిని గుర్తించడానికి అయొడిన్-123 కలిపిన మందును వాడతారు. దాని కిరణాలలో కొద్ది భాగం చాలా బలమైనవి. అవి సన్నని సీసపు గోడలను చీల్చుకొని వచ్చి చిత్రాన్ని చెడగొడతాయి. అందుకని గోడల మందం కొంత పెంచవలసి వస్తుంది. గోడలు మందమైతే రంధ్రాలకు చోటు తగ్గుతుంది. ఇది మరొక బేరం.

ఆంగర్ మొదట వాడిన ఒంటి రంధ్రపు పద్ధతి కొత్త రూపంలో తిరిగి వచ్చింది. తల చుట్టూ అనేక సన్నని రంధ్రాలను అమర్చి, ఒకేసారి ఎన్నో కోణాలనుండి చూసే పరికరాలు తయారయ్యాయి. సీసంకంటే బరువైన టంగ్‌స్టన్ లోహపు పొడిని లేజర్‌తో కరిగించి, పొరమీద పొరగా పేర్చి, కావలసిన ఆకారంలో కాలిమేటర్లను చేస్తున్నారు.

పిల్లలూ, ఈ పాఠంలో చెప్పిన జల్లెడలన్నీ ఒకే ప్రశ్నకు వేర్వేరు సమాధానాలు. వచ్చే కిరణాలలో వేటిని పోనివ్వాలి? వేటిని ఆపాలి? చుక్క ఎంత దూరంలో ఉంది, మందు ఏమిటి, రోగి ఎంతసేపు కదలకుండా ఉండగలడు అన్నవి చూసుకొని ఆ సమాధానం చెప్పాలి.

కొత్త మాటలు

కటకం: కాంతికిరణాలను వంచే గాజుబిళ్ళ.
స్ఫటికం: అణువులు క్రమంగా పేర్చినట్లుండే గట్టి పదార్థం. ఉప్పు, పటికబెల్లం స్ఫటికాలే.
సమాంతరం: ఎంత పొడిగించినా ఒకదానితో ఒకటి కలవని గీతల తీరు.
మూల్యం: వెల, ధర.
విరుగుడు: చెడును పోగొట్టే ఉపాయం.
ఈనె: ఆకు నడుమ ఉండే గట్టి పుల్ల.

ప్రశ్నలు

1. దీపం ఎదురుగా ఉన్న గోడమీద దీపం బొమ్మ ఎందుకు పడదు? రంధ్రమున్న అట్టను అడ్డుపెడితే ఎందుకు పడుతుంది?
2. పిండి జల్లెడకూ సీసపు జల్లెడకూ తేడా ఏమిటి?
3. రంధ్రం వెడల్పు 2, పొడవు 40, చుక్క దూరం 100 మిల్లీమీటర్లు. మచ్చ వెడల్పు ఎంత?
4. ఉదయం 8 గంటలకు ఎక్కించిన టెక్నీషియంలో రాత్రి 8 గంటలకు ఎన్నోవంతు మిగులుతుంది?
5. విసనకర్ర ఆకారంవల్ల కలిగే లాభమేమిటి? దాని హద్దు ఏమిటి?
6. మూర్ఛ వచ్చినప్పుడే మందు ఎక్కించి, తరవాత స్కాన్ తీయడం ఎలా సాధ్యమవుతున్నది?

భాషాభ్యాసం

పిండిని జల్లిస్తాం. బియ్యాన్ని చేటతో చెరుగుతాం. టీని వడకడతాం. ఈ మూడు పనులలోనూ పనికిరానిదాన్ని వేరుచేస్తాం, కాని మూడింటికీ వేర్వేరు మాటలు ఉన్నాయి. ఈ మాటలతో సొంత వాక్యాలు రాయండి. మీ ఇంట్లో పెద్దవారిని అడిగి ఇటువంటి మాటలు మరి రెండు తెలుసుకొని తరగతిలో చెప్పండి.

చేసి చూడండి

నల్లని కాగితంతో పెన్సిలంత లావు గల గొట్టాలు 30 చేసి, కట్టగా కట్టండి. ఒక చివర పల్చని తెల్లకాగితం అంటించండి. చీకటి గదిలో రెండవ చివరకు ఎదురుగా చిన్న టార్చిదీపం పెట్టండి. దీపం దగ్గరగా ఉన్నప్పుడు ఎన్ని గొట్టాల వెలుగు కాగితంమీద కనిపిస్తుంది? దూరంగా జరిపితే ఎన్ని? తరవాత గొట్టాలను సగానికి కత్తిరించి మళ్ళీ చూడండి. మీరు చూసినది నాలుగవ భాగంలోని లెక్కతో సరిపోయిందా? కట్టను సూర్యునివైపు తిప్పి ఎన్నడూ చూడకండి.